ఎం.ఎడ్.లో మొదటిసారి రీసెర్చ్ మెథడాలజీ చెప్పబోతున్నారా? మొదటి నెల ఇలా గడపండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఒంగోలు దగ్గర ఒక ఎం.ఎడ్. కాలేజీలో రెండేళ్లుగా చెబుతున్నారు. ఈ ఏడాది మొదటిసారి రీసెర్చ్ మెథడాలజీ, అంటే పరిశోధన ఎలా చేయాలో నేర్పే పేపర్, మీ చేతికి వచ్చింది. క్లాసులో ముప్పై మంది. కొందరు ప్రైవేటు స్కూళ్లలో నాలుగైదేళ్లు పాఠాలు చెప్పి వచ్చినవాళ్లు, మిగతావాళ్లు బి.ఎడ్. కాగానే చేరినవాళ్లు. అందరికీ స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్, మీకూ కొంత ఉందని రాశారు. మొదటి రోజు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మొదటి నాలుగు వారాలు నిర్వచనాలు, రకాలు, సోపానాలు పక్కన పెట్టండి. ఆ నెలలో వాళ్ల చేత ఒక ప్రశ్న రాయించండి, ఒక క్లాసులో కూర్చోబెట్టి ఏదో ఒకటి లెక్కపెట్టించండి, గుప్పెడు తీసి మొత్తాన్ని అంచనా వేయించండి, తామే రాసిన ప్రశ్నావళిని ఊళ్లో నలుగురికి చదివి వినిపించి రమ్మనండి. పేర్లన్నీ ఆ తర్వాత వాటంతట అవే వస్తాయి. అప్పుడు వచ్చిన పేరు మర్చిపోరు.

నేను నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కాలేజీల్లో ఈ పేపర్ పంతొమ్మిదేళ్లు చెప్పాను. ఎం.ఎడ్. ఒక్క ఏడాది కోర్సుగా ఉన్నప్పుడూ చెప్పాను, 2014 ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిబంధనలతో రెండేళ్లు అయ్యాకా చెప్పాను. మొదటి ఏడాది సిలబస్ వరసలోనే పోయాను. పరిశోధన అర్థం, స్వభావం, రకాలు, లక్షణాలు. నోట్సు బాగా రాసుకున్నారు, పరీక్షలో మార్కులూ బాగానే వచ్చాయి. డిసర్టేషన్ల (విద్యార్థులు సొంతంగా చేసి రాసే పరిశోధన గ్రంథాల) వేళకు ఒక కుర్రాడు మూడు వందల ప్రశ్నావళులు కట్టగట్టి తెచ్చాడు. పైనుంచి ఇరవై తిరగేశాను. అన్నింట్లోనూ టిక్కు ఒకే వాలుగా ఉంది, ఒకే నీలం ఇంకు, తోక ఒకే వైపుకు లాగి ఉంది. పిలిచి అడిగితే దాచలేదు. "మేడమ్, ఎవరు నింపినా చివరికి జెండర్ వల్ల తేడా లేదనే కదా రావాలి" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పరిశోధన అంటే తెలియనిది తెలుసుకోవడం అని ఆ ఏడాది మొత్తం మీద ఆ అబ్బాయికి నేను ఒక్కసారి కూడా చూపించలేదు. నిర్వచనం మాత్రం చెప్పాను. అందుకే ఈ జవాబు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మొదటి క్లాసు: ఒక తెల్లకాగితం

తలా ఒక తెల్లకాగితం ఇచ్చి ఒక్కటే అడగండి. "మీరు చదువు చెప్పిన బడిలో గానీ, టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లిన బడిలో గానీ, కళ్లారా చూసి, ఎందుకో తెలియక వదిలేసిన విషయం ఒకటి రాయండి." పదిహేను నిమిషాలు ఇవ్వండి, చదివి వినిపించమనండి.

ఎక్కువమంది రాసేది ఇదే: పిల్లలకు చదువు మీద శ్రద్ధ లేదు, తల్లిదండ్రులు పట్టించుకోవడం లేదు, సెల్‌ఫోన్ వల్ల పాడైపోతున్నారు. ఇవి తీర్పులు. వీటిలో తెలియని విషయం ఏమీ లేదు, రాసినవాళ్లకు అన్నీ ముందే తెలుసు. తిట్టకుండా, ఒక్కొక్కరినీ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చూశారని అడుగుతూ పొండి. క్లాసు కదిలేది అక్కడే.

కొత్తపట్నం వైపు సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి "మా ఊరి పిల్లలకు శ్రద్ధ లేదు, బడికి రారు" అని రాసింది. హెచ్‌ఎం గారిని అడిగి మూడు నెలల హాజరు పట్టీ చూసి రమ్మన్నాను. పేర్లు లేకుండా, రోల్ నంబర్ల ఎదురుగా గైర్హాజరు రోజులు రాసుకొచ్చింది. క్లాసులో ముప్పై రెండు మంది. బోర్డు మీద ఎక్కించి చూస్తే మొత్తం గైర్హాజరు రోజుల్లో సగం పైన ఐదుగురివే. మిగతా ఇరవై ఏడుగురూ మామూలుగానే వస్తున్నారు. అమ్మాయి బోర్డు వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాతి వారం ఆ ఐదుగురి ఇళ్లకు వెళ్లి వచ్చింది. నలుగురి తల్లులు తెల్లవారక ముందే రొయ్యల కంపెనీ బస్సు ఎక్కి వెళ్తారు. ఇంట్లో చంటిబిడ్డ ఉంటుంది. ఆ బిడ్డ దగ్గర ఉండేది ఈ పిల్లలే.

"శ్రద్ధ లేదు" అన్న మాట "తల్లి తెల్లవారుజామున పనికి వెళ్లే ఇళ్ల పిల్లల హాజరుకీ మిగతా పిల్లల హాజరుకీ తేడా ఎంత?" అన్న ప్రశ్నగా మారింది. ఇందులో జనాభా (ఎవరి గురించి తెలుసుకోవాలో వాళ్లంతా) ఉంది, రెండు చరాలు (మనిషికీ మనిషికీ మారే అంశాలు) ఉన్నాయి, పోలిక ఉంది, పరికల్పన (పరీక్షించి చూడాల్సిన ఊహ) కూడా ఉంది. ఆ రోజు ఆ నాలుగు మాటలూ బోర్డు మీద రాశాను. ఐదుగురిని చూసి కారణం తేల్చలేమని కూడా అదే రోజు చెప్పాను. చంటిబిడ్డ ఉండి, తల్లి కంపెనీకి వెళ్తూ, అయినా రోజూ బడికి వచ్చే పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆ అమ్మాయి ఇంకా చూడలేదు కదా. మీరూ ఆ హెచ్చరిక వాయిదా వేయకండి. మంచి ఉదాహరణ దొరికినప్పుడే దాని లోటు కూడా చెప్పాలి, లేకపోతే ఒక్క కథతో సిద్ధాంతం కట్టేస్తారు.

రెండో వారం: "అర్థమైందా?" అనేది ప్రశ్నా, కాదా?

దగ్గర్లోని జడ్పీ హైస్కూల్లో అనుమతి తీసుకుని ఒక పీరియడ్‌కు ఇద్దరిద్దరిని పంపండి. పని చాలా చిన్నది. టీచరు ఆ పీరియడ్‌లో ఎన్ని ప్రశ్నలు అడిగారో లెక్కపెట్టాలి. పక్కపక్కనే కూర్చోవాలి, ఒకరి కాగితం ఒకరు చూసుకోకూడదు. పాఠం చెప్పే టీచరుకు ఇది ఆయన మీద తనిఖీ కాదని ముందే చెప్పండి, వచ్చిన అంకె ఎవరికీ చూపించబోమని మాట ఇచ్చి నిలబెట్టుకోండి.

నా క్లాసులో ఒక జంట వచ్చి అంకెలు చెప్పారు. ఒకరికి పద్నాలుగు, ఇంకొకరికి నలభై ఒకటి. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి బయటపడింది. ఆ టీచరు ప్రతి రెండు వాక్యాలకూ "అర్థమైందా?" అంటారు. ఒకరు దాన్ని ప్రశ్నగా రాసుకున్నారు, ఇంకొకరు అది ఊతపదమని వదిలేశారు. "ఇప్పుడు మనం ఏం చేస్తాం, కూడిక చేస్తాం" అన్న వాక్యంలో ప్రశ్న ఉందా? "ఏరా, నిద్రపోతున్నావా?" అన్నది లెక్కలోకి వస్తుందా? క్లాసు గంటన్నర వాదించుకుంది. నేను దాదాపు ఏమీ మాట్లాడలేదు. చివరికి వాళ్లే ఒక నియమం రాశారు: టీచరు అడిగి, పిల్లల జవాబు కోసం ఆగితేనే ప్రశ్న. ఆగడమంటే ఎంతసేపు అని ఒకరు లేచారు. మళ్లీ వాదన. మూడు సెకన్లని తీర్మానించారు.

మరుసటి వారం అదే నియమంతో మళ్లీ వెళ్లారు. ఈసారి ఆ జంటకు పన్నెండు, పదమూడు వచ్చాయి.

అప్పుడు చెప్పండి. మీరు రాసుకున్న ఆ నియమం పేరు ఆపరేషనల్ డెఫినిషన్. ఇద్దరి లెక్క దగ్గరకు రావడం విశ్వసనీయత. ఇంత చేసినా, "ప్రశ్నలు ఎక్కువ అడిగితే బోధన బాగున్నట్టా?" అని ఒకరు తప్పకుండా అడుగుతారు. అది సప్రమాణత ప్రశ్న. లెక్క నిలకడగా ఉంది, కానీ మనం కొలవాలనుకున్నదాన్నే కొలుస్తున్నామా? ఈ రెండు మాటలకూ తేడా పుస్తకం నుంచి చెప్పినప్పుడు నా విద్యార్థులు పరీక్ష దాకా మాత్రమే గుర్తుపెట్టుకున్నారు. తరగతి గది పరిశీలనకు ఫ్లాండర్స్ చేసిన పది వర్గాల పట్టికలో మూడు సెకన్లకోసారి గుర్తు పెట్టాలి, బి.ఎడ్.లో అందరూ చదివే ఉంటారు. అన్ని నియమాలు ఎందుకు పెట్టుకున్నాడో ఈ పని చేశాక చదివితే తెలుస్తుంది.

మూడో వారం: చింతగింజలు

నా పంతొమ్మిదేళ్లలో నాకు బాగా పనికొచ్చిన పరికరం ఇదే, అందుకని కొంచెం వివరంగా రాస్తాను. రెండు వందల చింతగింజలు తీసుకోండి. అందులో అరవై గింజలు అష్టాచెమ్మా ఆటకు చేసినట్టు ఒక పక్క బండ మీద అరగదీసి తెల్లగా చేయండి. అన్నీ ఒక గిన్నెలో వేసి బాగా కలపండి. ఎన్ని అరగదీశారో క్లాసుకు చెప్పకండి.

ఒక్కొక్కరు వచ్చి కళ్లు మూసుకుని పది గింజలు తీయాలి. తెల్లవి ఎన్నో చెప్పి, గింజలు మళ్లీ గిన్నెలో వేసి కలపాలి. బోర్డు మీద సున్నా నుంచి పది దాకా గీత గీసి, ఎవరికి ఎన్ని వస్తే అక్కడ ఒక చుక్క పెట్టండి. ముప్పై మంది అయ్యేసరికి చుక్కలు ఒక చిన్న గుట్టలా పేరుకుంటాయి. ఎక్కువ చుక్కలు రెండు, మూడు, నాలుగు దగ్గర ఉంటాయి. ఒకరిద్దరికి ఒకటే వస్తుంది, ఒకరిద్దరికి ఆరు రావచ్చు. ఆరు వచ్చినవారిని అడగండి, "మీరొక్కరే సర్వే చేసి ఉంటే ఏమని రాసేవారు?" అరవై శాతం అని రాసేవారు. నిజం ముప్పై. ఆయన తప్పేమీ చేయలేదు, కళ్లు మూసుకునే తీశారు. నమూనా చిన్నదైతే నిజాయితీగా చేసినా ఇంత దూరం పడతాం.

తర్వాత నలభై గింజలు తీయమనండి. ఈసారి శాతం లెక్కవేసి చుక్కలు పెట్టండి. చాలామంది ఇరవైకీ నలభైకీ మధ్యకు వచ్చేస్తారు. గుట్ట సన్నబడుతుంది. ఆ గుట్ట ఎంత వెడల్పు ఉందో చెప్పే అంకే స్టాండర్డ్ ఎర్రర్ అని అప్పుడు చెప్పండి. సూత్రం ఆ తర్వాత రాయండి.

ఇక్కడ ఆపకండి, ఇంకో రెండు పనులు చేయండి. మొదటిది, తెల్ల గింజలన్నీ పైన వేసి, కలపకుండా, పైనుంచే నలభై తీయించండి. నూటికి నూరు శాతం తెల్లవే వస్తాయి. ఎన్ని తీసినా, ఎలా తీశారన్నది చెడితే అంకె పనికిరాదు. బడికి వచ్చిన పిల్లలకే ప్రశ్నావళి ఇచ్చి "పిల్లలకు బడి ఇష్టం" అని రాయడం ఇదే. ఆ రోజు రాని పిల్లవాడు మీ గిన్నెలో అడుగున ఉన్నాడు.

రెండోది, గింజలను పది చిన్న సంచుల్లో ఇరవై చొప్పున కట్టండి. మూడు సంచుల్లో దాదాపు అన్నీ తెల్లవే, మిగతా వాటిలో ఒకటీ అరా. ఇప్పుడు ఏవో రెండు సంచులు మొత్తంగా తీసుకోమనండి. అవీ నలభై గింజలే. కానీ ఒకరికి ఐదు శాతం, ఇంకొకరికి తొంభై శాతం వస్తుంది. మన డిసర్టేషన్లలో రోజూ జరిగేది ఇది. మూడు బళ్లకు వెళ్లి మూడు వందల మంది పిల్లలకు ప్రశ్నావళి ఇచ్చి "నమూనా 300" అని రాస్తారు. ఒక బడి పిల్లలు ఒకే ఊరు, ఒకే టీచర్లు, ఒకే రకం ఇళ్లు. మూడు బళ్ల మూడు వందల మంది, ముప్పై బళ్ల మూడు వందల మందితో సమానం కాదు. మీరు గైడ్‌గా ఉంటే ఎక్కువ బళ్లు, బడికి తక్కువమంది అని పట్టుబట్టండి. తిరగడానికి బస్సు ఖర్చు అవుతుంది, నిజమే. పిల్లల సంఖ్య సగం చేసుకున్నా పరవాలేదు, బళ్లు పెంచమనండి.

384 అన్న అంకె కూడా మీకు తప్పకుండా ఎదురవుతుంది. నమూనా ఎంత ఉండాలో చెబుతూ క్రెజ్సీ, మోర్గాన్ 1970లో ఇచ్చిన పట్టికలోది. జనాభా వెయ్యి అయితే 278, పది లక్షలైతే 384. ఆ అంకెలు పూర్తిగా లాటరీ పద్ధతిలో ఎంచుకున్న నమూనాకు, 95 శాతం నమ్మకంతో, ఐదు శాతం అటూ ఇటూ తేడాకు లెక్కగట్టినవి. సంచులు మొత్తంగా తీసినవాళ్లకు అవి వర్తించవు. ఈ ఒక్క మాట మీ విద్యార్థులకు అర్థమైతే ఏ వైవాలోనైనా ధైర్యంగా కూర్చోగలరు.

పి-వాల్యూ, అంటే మన ఊహ నిజమైతే ఇంత తేడా కేవలం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంతో చెప్పే అంకె, కూడా ఈ గింజలతోనే చెప్పేయండి. వేరే గిన్నె ఒకటి తెచ్చి, "ఇందులోనూ తెల్లవి ముప్పై శాతమే" అని చెప్పండి. నలభై తీస్తే ఇరవై తెల్లవి వచ్చాయనుకోండి. నమ్మాలా? ఇందాకటి బోర్డు మీద యాభై శాతం దగ్గర చుక్క ఏదైనా ఉందేమో చూడమనండి. లేదు, లేదా ఒక్కటి ఉంది. "ముప్పై శాతమన్న మాట నిజమైతే ఇంత దూరం రావడం చాలా అరుదు" అని వాళ్లే అంటారు. శూన్య పరికల్పనను (ఇక్కడ "ముప్పై శాతమే" అన్న మాటను) తిరస్కరించడమంటే అంతకన్నా ఏమీ లేదు.

స్టాటిస్టిక్స్ భయం గురించి

మీకూ కొంత భయం ఉందన్నారు కాబట్టి ఇది మీకోసమూ రాస్తున్నాను. ప్రతి లెక్కనూ ఒక్కసారి, ఐదు అంకెలతో, చేత్తో చేయించండి. అంతకు మించి చేత్తో వద్దు. ఒక క్లాసు మార్కులు 48, 49, 50, 51, 52. ఇంకో క్లాసువి 10, 30, 50, 70, 90. సగటు రెండింటికీ 50. మొదటిదానికి క్రమ విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 1.41, రెండోదానికి 28.28. రెండో క్లాసు టీచరుకు ఒకే పాఠం అందరికీ చెప్పడం ఎంత కష్టమో ఊహించమనండి. బడిలో పనిచేసి వచ్చినవాళ్లు వెంటనే అందుకుంటారు.

ఒక చిక్కు ముందే చెప్తున్నాను. ఇదే లెక్క కంప్యూటర్లో వేస్తే 1.58, 31.62 అని రావచ్చు. క్లాసులో గందరగోళం అవుతుంది, టీచరు తప్పు చెప్పారనుకుంటారు. చేత్తో చేసినప్పుడు మనం ఐదుతో భాగించాం, సాఫ్ట్‌వేర్ నాలుగుతో భాగించింది. ఉన్నదంతా మన దగ్గరుంటే మొత్తం సంఖ్యతో, ఉన్నది నమూనా అయితే ఒకటి తగ్గించి భాగిస్తాం. ఎక్సెల్‌లో రెండింటికీ వేర్వేరు ఫార్ములాలు ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్ ఏది అంటే, డబ్బు పెట్టి కొననక్కర్లేదు. జమోవి, జాస్ప్ రెండూ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయి. నేను చివరి ఏళ్లలో జమోవితోనే చెప్పాను. టీ-టెస్ట్ (రెండు గుంపుల సగటుల తేడా నమ్మదగ్గదేనా అని చూసే పరీక్ష) చెప్పేటప్పుడు దాని వెనక కథ కూడా చెప్పండి. గాసెట్ అనే ఆయన డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీలో పనిచేస్తూ, చేతిలో ఉన్న కొద్దిపాటి నమూనాలతో ఎంతవరకు నమ్మకంగా చెప్పవచ్చో తేల్చి, 1908లో 'స్టూడెంట్' అన్న మారుపేరుతో ప్రచురించాడు. చిన్న నమూనాతో సతమతమయ్యేవాళ్ల కోసమే పుట్టిన పరీక్ష అది. మీ విద్యార్థులదీ అదే పరిస్థితి.

నాలుగో వారం: ప్రశ్నావళి

లైకర్ట్ 1932లో ఇచ్చిన ఐదు మెట్ల పద్ధతి ("పూర్తిగా ఒప్పుకుంటాను" నుంచి "అసలు ఒప్పుకోను" దాకా) మన డిసర్టేషన్లన్నింటినీ ఆక్రమించేసింది. ఇంగ్లిషు స్కేలు ఒకటి తెచ్చి, మక్కికి మక్కి తెలుగు చేసి, పంచేస్తారు. ఆ తెలుగు ఎవరికీ అర్థం కాదు. అర్థం కానప్పుడు జనం ఆ మెట్లలో నడిమిదైన "చెప్పలేను" మీద టిక్కు పెడతారు.

ఒకసారి మావాళ్లు తల్లుల కోసం "మీ ఇంట్లో చదువుకు అనుకూలమైన వాతావరణం ఉందా?" అని రాశారు. ఊళ్లో నలుగురికి చదివి వినిపించి, జవాబుతో పాటు అలా ఎందుకు అన్నారో కూడా అడిగి రమ్మన్నాను. ఒకామె "లేదమ్మా, సాయంత్రమైతే కరెంటు పోతా ఉంటది" అంది. ఇంకొకామె "ఉంది, మా ఇంట్లో గొడవలు ఉండవు" అంది. మూడో ఆమె "మాది ఒకటే గది" అంది. నాలుగో ఆమె అడిగేవాళ్ల ముఖం చూసి, వాళ్లకు ఏది కావాలో ఊహించి "ఉందమ్మా" అంది. నలుగురూ నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పారు. ఆ ప్రశ్న తీసేసి "నిన్న సాయంత్రం మీ పాప ఎక్కడ కూర్చుని చదివింది? ఎంతసేపు?" అని పెట్టాం. నిన్నటి సంగతి, కంటితో చూసిన సంగతి అడిగితే జవాబు నిలబడుతుంది.

ప్రశ్నావళి నిలకడను చూపే క్రాన్‌బ్యాక్ ఆల్ఫా అనే అంకె 0.7 దాటిందని సంబరపడేవాళ్లకు ఒక మాట చెప్పండి. ఆ అంకె ప్రశ్నలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయని మాత్రమే చెబుతుంది. అన్నీ కలిసి తప్పుదారిలో నడిచినా ఆల్ఫా ఎక్కువే వస్తుంది.

పిల్లల దగ్గరకు పంపే ముందు

ఇది ఆఖరి యూనిట్‌లో ఉంటుంది. మొదటి నెలలోనే చెప్పండి. నేను చెప్పకపోవడం వల్ల జరిగింది ఇది. నా విద్యార్థిని ఒకరు ఏడో తరగతిలో ఫారాలు నింపుతూ, పేర్లు పిలిచి అందరి ముందూ కులం అడిగింది. నేను వెనక బెంచీలో ఉన్నాను. యానాదుల పిల్లవాడు ఒకడు లేచి, బెంచీ అంచు గోటితో గీకుతూ "తెలీదు" అన్నాడు. పక్కవాడు గట్టిగా చెప్పేశాడు. కొందరు నవ్వారు. అమ్మాయి తలెత్తకుండా ఫారంలో రాసుకుంది. ఆమెకు చెడు ఉద్దేశం ఏమీ లేదు, గడి నింపాలి కాబట్టి అడిగింది. ఆ పిల్లవాడు తర్వాత రెండు రోజులు బడికి రాలేదని హెచ్‌ఎం గారు చెప్పారు. ఆ తప్పు నాది.

అప్పటినుంచి నా నియమాలు ఇవి. డీఈవో, హెచ్‌ఎం అనుమతి ఉన్నా తల్లిదండ్రులకు చెప్పాలి, పిల్లవాడినీ అడగాలి, వద్దంటే వదిలేయాలి. కులం, ఆదాయం, తల్లిదండ్రుల గొడవలు పిల్లల నోటితో చెప్పించకూడదు. పరిశోధన ప్రశ్నకు ఆ వివరం అక్కర్లేకపోతే ఎక్కడా అడగకూడదు. ఫారం మీద పేరు ఉండకూడదు.

ఉన్న లెక్కలు వాడుకోవడం

కొత్తగా సేకరించకుండా కూడా మంచి పని చేయవచ్చు. ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడ్ (ప్రభుత్వ బడుల సమాచార వ్యవస్థలో ఆ బడి నంబరు) ఉంటుంది. బడి వివరాలు తీసుకుని, అదే బడికి వెళ్లి పోల్చి చూడమనండి. కాగితం మీద మరుగుదొడ్లు ఎన్ని, తాళం తీసి ఉన్నవి ఎన్ని? నమోదైన పిల్లలు ఎంతమంది, ఇవాళ ఉన్నవాళ్లు ఎంతమంది? కనిగిరి, మార్కాపురం వైపు పడమటి మండలాల్లో కూలి పనులకు వలస వెళ్లే కుటుంబాలు ఉన్నాయి కాబట్టి, ఏ నెలలో లెక్కపెట్టారన్నది చాలా ముఖ్యం.

పిల్లల చదువు స్థాయి మీద ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వేకీ ప్రభుత్వ నాస్ (నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే) పరీక్షకీ అంకెలు ఎందుకు కలవవని కూడా అడుగుతారు. అసర్ 2005లో మొదలైంది, పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, ఒక్కో పిల్లవాడి చేత విడిగా చదివిస్తుంది. నాస్ బడిలో కూర్చోబెట్టి పెట్టే పరీక్ష, 2024లో దాని పేరు పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్‌గా మారింది. బడిలో లేని పిల్లవాడు మొదటిదానిలో ఉంటాడు, రెండోదానిలో ఉండడు. మళ్లీ గిన్నె సంగతే.

మన జిల్లాలకు ప్రత్యేకమైన ఉచ్చు ఒకటుంది. 2022 ఏప్రిల్‌లో హద్దులు మారాయి. కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వెళ్లింది, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతిలోకి, చీరాల, అద్దంకి బాపట్లలోకి వెళ్లాయి. 2019 నెల్లూరు అంకెను 2023 నెల్లూరు అంకెతో పోల్చి "మెరుగుపడింది" అని రాసిన డిసర్టేషన్ నా దగ్గరకు వచ్చింది. రెండూ ఒకే జిల్లా కాదు. అసలు ప్రకాశం జిల్లానే 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు ముక్కలతో ఏర్పడింది. పాత లెక్కలు తీసేవాళ్లు మండలాల వారీగా తీసి కూడుకోవాలి.

టాపిక్కులు, టైము

"ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుల వృత్తి సంతృప్తి, జెండర్, ప్రాంతం, యాజమాన్యం రీత్యా ఒక అధ్యయనం" లాంటివి వద్దు అని నేను ఖరాఖండిగా చెప్పేదాన్ని. పరిశోధన గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో వెతికితే ఇలాంటివి కోకొల్లలు. జిరాక్స్ షాపుల్లో రెడీమేడ్‌గా దొరికేవీ ఇవే. తెల్లకాగితం మీద మొదటి రోజు రాసిన ప్రశ్న దాచి ఉంచి, రెండో ఏడాది అదే తిరిగి ఇవ్వండి. కాపీ గురించి భయపెట్టాల్సిన అవసరం పెద్దగా రాదు. అయినా యూజీసీ 2018 నిబంధనలు చెప్పండి, పది శాతం దాటి పోలిక ఉంటే చర్య ఉంటుంది.

డేటా సేకరణ ఎప్పుడన్నది మన వైపు చాలా ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, సెలవులు. నవంబరులో షెడ్యూలు పెట్టుకున్నవాళ్లు బడి గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. ఫిబ్రవరి, మార్చిలో పదో తరగతి జోలికి ఏ హెచ్‌ఎం రానివ్వరు. కాబట్టి జూలై నుంచి సెప్టెంబరు లోపల, లేదా సంక్రాంతి సెలవుల తర్వాత జనవరిలో, పదో తరగతి తప్ప మిగతా తరగతుల్లో చేయించండి.

గుణాత్మక పరిశోధన (అంకెలతో కాక ఇంటర్వ్యూలు, పరిశీలనలతో చేసేది), చర్యాత్మక పరిశోధన (టీచరు తన క్లాసు సమస్య మీద తానే చేసేది) గురించి అడగలేదు కాబట్టి ఒక్క మాటే. లెక్కలంటే భయపడి ఇంటర్వ్యూల వైపు వెళ్లేవాళ్లను వెనక్కి లాగండి. ఒక గంట ఇంటర్వ్యూను అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద పెట్టడానికి ఒక రోజంతా పడుతుందని తెలిశాక కూడా అదే కావాలంటే, ఆ విద్యార్థికి నిజంగా ఆసక్తి ఉన్నట్టు.

ఈ పద్ధతికి లోటు ఉంది. సిలబస్ వెనకబడుతుంది. నాకు ప్రతి ఏడాదీ మొదటి యూనిట్ ఐదో వారంలో మొదలయ్యేది, ప్రిన్సిపల్ అడిగేవారు. మొదటి రోజే ఆయనకు వారాల వారీగా కాగితం రాసి ఇవ్వండి, ఏ పని సిలబస్‌లో ఏ అంశం కిందికి వస్తుందో పక్కన రాయండి. రకాలు, సోపానాలు ఐదో వారంలో రెండు క్లాసుల్లో అయిపోతాయి, ఎందుకంటే ప్రతిదానికీ వాళ్ల దగ్గర ఉదాహరణ ఉంటుంది. క్లాసు అరవై మందికి పైన ఉంటే గింజల పని జట్లుగా చేయించాలి. హాజరు సరిగా లేని కాలేజీలో "అర్థమైందా" పని రెండుసార్లు నడవదు, ఒక్కసారి చేసి వదిలేయండి.

గింజలు ఇప్పుడే మొదలుపెట్టండి. అరవై గింజలు గరుకు బండ మీద అరగదీయడానికి ఒక సాయంత్రం పడుతుంది, తడిపితే జారిపోతాయి, పొడిగానే రుద్దండి. ఒక పక్కే అరగదీయండి, రెండు పక్కలా అరగదీస్తే గింజ పలచబడి, కళ్లు మూసుకున్నా వేలికి తెలిసిపోతుంది.